తోడు అడగడానికి ఒక తలుపు

పెన్నాగట్టు · ఆదివారం, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. మొన్న శుక్రవారం రాత్రి జరిగిన చిన్న విషయం రెండు రోజులుగా మనసులో తిరుగుతా ఉంది. ఇక్కడ రాస్తే కాస్త తేలికపడతానేమోనని రాస్తున్నాను.

పాలు కాచి, గోరువెచ్చగా ఆరనిచ్చి, తోడు వేద్దామని ఫ్రిజ్ తీస్తే పెరుగు గిన్నె ఖాళీ. మధ్యాహ్నం పిల్లాడు ఊడ్చి తినేశాడు. టైము తొమ్మిది దాటింది. చిన్న స్టీలు గిన్నె పట్టుకుని కారిడార్‌లోకి వచ్చాను. మా అంతస్తులో మాది కాక మూడు ఫ్లాట్లు. మేం ఇక్కడికి వచ్చి పద్నాలుగు నెలలు. ఆ మూడు తలుపుల్లో ఒక్కటి కూడా నేను ఇంతవరకు తట్టలేదు. ఒకదాని వెనక టీవీ మోగుతోంది. ఎదురింటి తలుపు కింద నుంచి సన్నగా వెలుతురు కనబడుతోంది. గిన్నె పట్టుకుని రెండు నిమిషాలు అట్టే నిలబడ్డాను. బెల్లు దాకా చెయ్యి పోయింది. 'ఇంత రాత్రప్పుడు పెరుగు కోసం వచ్చిందేంది ఈమె' అనుకుంటారేమోనని వెనక్కి వచ్చేశాను.

చివరికి ఎండుమిరపకాయల తొడిమలు నాలుగు తుంచి పాలల్లో వేశాను. పొద్దునకి తోడుకుంది గానీ పల్చగా, జిగురుగా, పాలవాసన పోకుండా.

అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో నూటపది మందికి పైగా ఉన్నాం. లిఫ్ట్ ఆగితే మెసేజ్ వస్తుంది, మోటారు కాలిపోతే వస్తుంది, పండగలకి బొమ్మలు వస్తాయి. అందులో 'ఎవరింట్లోనైనా కాస్త పెరుగు ఉందా' అని రాయడానికి కూడా నాకు చెయ్యి రాలేదు.

బుచ్చిరెడ్డిపాళెం పక్కన మా ఊళ్ళో, దీపాలు పెట్టినాక పెరుగూ ఉప్పూ సూదీ ఇవ్వరని, పొద్దు గూకక ముందే అమ్మ నన్ను గిన్నెతో తరిమేది. వెళ్తే తోడు ఒక్కటే వచ్చేది కాదు. ఎవరి గేదె ఈనింది, ఎవరి పిల్లకి సంబంధం కుదిరింది, ఎవరు మూడు రోజులుగా మంచం దిగలేదు, అన్నీ ఆ గిన్నెతో పాటే ఇంటికి వచ్చేవి. పాలల్లో వేసేదాన్నీ, పక్కన నిలిచే మనిషినీ మనం ఒకే మాటతో పిలుస్తాం. ఇన్నేళ్ళూ దాని గురించి ఆలోచించనేలేదు. మొన్న ఆ కారిడార్‌లో నిలబడ్డప్పుడు మొదటిసారి తట్టింది.

మీకు తోడు అడగడానికి ఒక తలుపు ఉందా? లేకపోతే, ఎప్పటి నుంచి లేదు?


కందుకూరు_కుర్రోడు · ఆదివారం, రాత్రి 10:15

అక్కా, నాకు లేదు. హైదరాబాద్‌లో ఆరేళ్ళ నుంచి ఉంటున్నాను, నాలుగు ఇళ్ళు మారాను.

మీ పోస్టు చదివాక మా తాత గుర్తొచ్చాడు. ఆయన పుట్టినప్పుడు కందుకూరు నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా కొత్తగా వస్తే అందులోకి పోయింది, 1972లో దానికే ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. మా నాన్న సర్టిఫికెట్లన్నీ ప్రకాశం జిల్లా. 2022లో మళ్ళీ నెల్లూరులో కలిపారు. ఇల్లు కదలలేదు, ముందున్న వేపచెట్టూ కదలలేదు. తాతని ఎవరైనా ఏ జిల్లా అని అడిగితే పట్టించుకునేవాడు కాదు, తన వీధి పేరే చెప్పేవాడు. ఆ వీధిలో ఏ ఇంటి కుక్క పేరేంటో కూడా ఆయనకి తెలుసు. నాకు ఇప్పుడు ఆ వీధిలో నలుగురు మనుషుల పేర్లు తెలియవు. ఆధార్ కార్డు మీద జిల్లా ఉంది గానీ, నా వీధి అని చెప్పుకోవడానికి నాకు లేదు.


పొదిలి_మాస్టారు · ఆదివారం, రాత్రి 10:48

అమ్మా పెన్నాగట్టూ, చాలా రోజుల తర్వాత ఇక్కడ మనసుకి పట్టే మాట చదివాను. ముప్పై రెండేళ్ళు బడిపంతులు పని చేసి రిటైరయ్యాను.

మా పడమటి ప్రాంతంలో నీళ్ళ దగ్గరే మనుషులు కలిసేవాళ్ళు. పొదిలి, కనిగిరి వైపు బోర్లలో ఫ్లోరైడు ఎక్కువ. పళ్ళు గారపట్టిన పిల్లలు, నలభై ఏళ్ళకే నడుం వంగిన పెద్దవాళ్ళు మా తరగతి గదుల్లో, వీధుల్లో రోజూ కనిపించేవాళ్ళు. అందుకని మంచినీళ్ళ ట్యాంకరు వస్తుందంటే తెల్లవారుజామునే బిందెలు వరసలో పెట్టేవాళ్ళు. మనిషి లేకపోయినా బిందె ఉంటే చాలు, ఆమె వంతు ఎవరూ తీసుకునేవాళ్ళు కాదు. ఒకామె బిందె రెండు రోజులు వరసలో కనబడకపోతే మూడో రోజు ఆమె ఇంటికి ఎవరో ఒకరు పోయి చూసి వచ్చేవాళ్ళు. ఇప్పుడు ఇరవై లీటర్ల క్యాను గుమ్మం దగ్గరికే వస్తుంది. ఆడవాళ్ళ నడుములకి విశ్రాంతి దొరికింది, అది చాలా మంచి విషయం. కానీ ఎవరి బిందె రాలేదో చూసే వరస పోయింది.

సాయంత్రం రావిచెట్టు అరుగు మీద కూర్చుంటే ఊరంతా ఒక కుటుంబంలా అనిపించేది. ఇప్పుడు ఆ అరుగు మీద ఇద్దరం కూర్చుంటున్నాం. వర్షం వస్తే అదీ లేదు.


పల్లె_నుంచి · ఆదివారం, రాత్రి 11:20

మాస్టారూ, మీరంటే గౌరవం. ట్యాంకరు వరస గురించి మీరు రాసింది చదివి కళ్ళు చెమర్చాయి. కానీ 'ఊరంతా ఒక కుటుంబం' దగ్గర ఆగిపోయాను. ముందుకు కదల్లేకపోయాను.

మా నాయనమ్మ ఊరి బావి దగ్గరికి బిందె తీసుకుపోయి దూరంగా నిలబడేది. బావిలో చేద వెయ్యడానికి ఆమెకి లేదు. ఎవరో ఒకరికి దయ కలిగి, తోడి, పైనుంచి ఆమె బిందెలో పోసేదాకా నిలబడాలి. ఎండలో ఒక్కోసారి గంట. ఆమెకి ఆ ఊళ్ళో తెలిసిన తోడు అదే.

1985 జూలైలో కారంచేడులో ఏం జరిగిందో ఇక్కడ పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. అప్పుడది ప్రకాశం జిల్లానే. గొడవ మొదలైంది తాగే నీళ్ళ చెరువు దగ్గర. దళితుల్ని వెంటపడి చంపారు. మిగిలినవాళ్ళు చీరాలకి పరుగెత్తి అక్కడే శిబిరం వేసుకుని బతికారు. నాకు ఆ ఊరితో చుట్టరికం లేదు. కానీ మా ఇంట్లో దాని గురించి మాట్లాడకుండా ఎవరూ పెద్దవాళ్ళు కాలేదు. అందుకని ఎవరైనా 'ఆ రోజుల్లో ఊరు ఎంత బాగుండేదో' అంటే, ఎవరికి అని అడగాలనిపిస్తుంది.

ఇప్పుడు నేను ఒంగోలులో ఉంటున్నాను. ఉద్యోగం వచ్చిన కొత్తలో అద్దె ఇంటి కోసం తిరిగితే, ఇంటిపేరు చెప్పగానే 'రేపు ఫోన్ చేస్తాం' అన్నవాళ్ళు ముగ్గురు. నాలుగో చోట దొరికింది. అక్కడ చేరిన ఐదు నెలలకి ఒక సాయంత్రం ఎదురింటావిడ గిన్నె పట్టుకుని వచ్చి, "అమ్మాయ్, తోడుకి కాస్త పెరుగు ఉందా" అంది.

లోపలికి పోయి ఫ్రిజ్ తలుపు తీసి అట్టే నిలబడిపోయాను. తోడుకి ఒక స్పూను చాలు. నేను గిన్నె నిండా పెట్టి ఇచ్చాను. ఆవిడ "ఇంతెందుకమ్మా" అంది. ఎందుకో ఆవిడకి చెప్పలేదు. ఇవాళ ఇక్కడ చెప్తున్నాను.

పెన్నాగట్టు అక్కా, మీరు శుక్రవారం రాత్రి బెల్లు కొట్టి ఉంటే ఆ తలుపు వెనక ఎవరున్నారో మనకి తెలియదు. అడగడం తక్కువతనం అనుకుని మీరు వెనక్కి వచ్చారు. ఎవరైనా వచ్చి అడిగితే బాగుండునని ఏళ్ళ తరబడి ఎదురుచూసిన ఇళ్ళు కూడా ఉంటాయి.


పొదిలి_మాస్టారు · ఆదివారం, రాత్రి 11:41

తల్లీ, నువ్వు రాసింది మూడుసార్లు చదివాను.

పదేళ్ళ వయసులో మా ఊరి బావి దగ్గర నేను కూడా ఒకామె బిందెలో అట్టా తోడి పోశాను. పోస్తూ, మంచిపని చేస్తున్నానని సంతోషపడ్డాను. ఆమె తన చేద తాను ఎందుకు వేసుకోకూడదని ఎవరినీ అడగలేదు. తర్వాత ముప్పై రెండేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పాను గానీ ఈ సంగతి ఒక్కసారీ చెప్పలేదు. ఊరంతా కుటుంబం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ అరుగు మీద ఎవరు కూర్చునేవాళ్ళో, ఎవరు కిందే నిలబడేవాళ్ళో నాకు తెలుసు.


గుంట_కాపలా · సోమవారం, తెల్లవారుజామున 2:35

ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద రాత్రి కాపలా. కరెంటు పోతే నీళ్ళకి గాలి అందించే ఏరేటర్లు ఆగుతాయి, అవి ఆగితే రొయ్య చచ్చిపోతుంది. అందుకని నిద్రపోను. చెక్ ట్రే ఎత్తి మేత తిన్నాయో లేదో చూస్తాను, మళ్ళీ షెడ్డులోకి వస్తాను.

పక్క గుంట మీద ఒడిశా అబ్బాయి ఉన్నాడు. ఒకరి భాష ఇంకొకరికి రాదు. మొదట్లో టార్చిలైటు రెండుసార్లు వేసేవాడు, నేను రెండుసార్లు వేసేవాణ్ణి. బాగానే ఉన్నాను అని. ఒకరోజు నేను వెయ్యడం మరిచిపోతే గట్టు మీద పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇప్పుడు ఇద్దరం కలిసే వండుకుంటున్నాం. వాడికి మన చేపల పులుసులో మామిడికాయ ముక్కలంటే ప్రాణం.


కావలి_కిటికీ · సోమవారం, ఉదయం 7:30

అందరూ తలుపు తెరవడం గురించి మాట్లాడుతున్నారు. నేను మూసుకునే తలుపు గురించి మాట్లాడతాను. కోపం తెచ్చుకోవద్దు.

నా పెళ్ళి విడిపోయింది. అప్పుడు మా వీధిలో ప్రతి తలుపూ నా కోసం తెరుచుకుంది. పొద్దున కాఫీ టైము నుంచి రాత్రి దాకా వచ్చేవాళ్ళు. అయ్యో అనేవాళ్ళు, 'సర్దుకుపోవాల్సింది' అనేవాళ్ళు, 'పిల్లలు లేకపోవడమే మంచిదయింది' అనేవాళ్ళు. ఒకావిడ పంచదార అడగడానికి వచ్చి గంటన్నర కూర్చుంది. ఇంటి కబురు బయటికి పోయే దారి కూడా ఆ గిన్నెలే. నెల్లూరు వచ్చి, ఎవరికీ ఎవరూ తెలియని అపార్ట్‌మెంట్‌లో ఒక గది తీసుకున్నాక నేను మొదటిసారి రాత్రంతా నిద్రపోయాను. లిఫ్టులో ఎవరూ ఏమీ అడగకపోవడం ఎంత హాయో, అడిగించుకుని అలిసిపోయినవాళ్ళకే తెలుస్తుంది.

అట్టాగని ఎవరూ వద్దని కాదు. నాలుగేళ్ళయింది. ఈమధ్య జ్వరం వచ్చి రెండు రోజులు లేవలేనప్పుడు, మందులు తెచ్చిపెట్టమని అడగడానికి ఫోన్‌లో పేర్లన్నీ పైకీ కిందకీ చూసుకున్నాను. ఎవరికీ చెయ్యలేదు. నన్ను ప్రశ్నలు వెయ్యని మనిషి కావాలి. అట్టాంటి మనుషులు ఉంటారా?


కోవూరు_మిద్దె · సోమవారం, ఉదయం 8:10

ఉంటారు చెల్లీ.

2021 నవంబరులో పెన్నకి వరద వచ్చినప్పుడు మా మిద్దె మీద రెండు రోజులు ఇరవై మూడు మందిమి ఉన్నాం. సోమశిల నుంచి నీళ్ళు వదులుతున్నారని చెప్తూనే ఉన్నారు, ఇంతగా వస్తాయని ఎవరూ అనుకోలేదు. పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్ళు ఆగాయి, హైవే తెగింది. మా వీధిలో మిద్దె ఉన్న ఇళ్ళు మూడే. మిగతా వాళ్ళంతా నడుము లోతు నీళ్ళలో పిల్లల్ని భుజాల మీద పెట్టుకుని వచ్చారు.

వచ్చినవాళ్ళలో మా పక్కింటివాళ్ళు కూడా ఉన్నారు. ప్రహరీగోడ గొడవతో తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. నేను పంపు స్టవ్ మీద ఉప్మా కలుపుతుంటే వెనక నుంచి ఆమె, "వదినా, పిల్లాడికి ఒక గ్లాసు మంచినీళ్ళు" అంది. అంతే. ఇచ్చాను. గోడ గురించి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నీళ్ళు తీశాక అన్నీ మారిపోయాయని అబద్ధం చెప్పను. కేసు ఇంకా కోర్టులోనే ఉంది. కానీ ఎదురుపడితే తల తిప్పుకోవడం మానేశాం.


కలిగిరి_కోడలు · సోమవారం, మధ్యాహ్నం 1:25

దూబగుంట మా మండలమే. 1992లో అక్కడి ఆడవాళ్ళు సారా కొట్టు మూయించిన సంగతి అందరికీ తెలుసు, రోశమ్మ గారి పేరు తెలుసు. అది జిల్లా అంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలోనే సారా ఆగిపోయింది. ఇవన్నీ పుస్తకాల్లోకి ఎక్కాయి. అంతకు ముందు జరిగింది మాత్రం మా అత్త నోట విన్నాను.

రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకోవడానికి లాంతరు చుట్టూ కూర్చునేవాళ్ళు. పగలంతా ఒకే చేలో కలుపు తీసేవాళ్ళే, అయినా ఇంటి సంగతులు ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. పాఠంలో తాగుబోతు మొగుడి మాట వచ్చినప్పుడు ఒకామె ఏడ్చింది. అప్పుడు ఇంకొకామె నోరు విప్పింది. మా అత్త అంటుంది: "కొట్టు మీదకి పోవడానికి భయం వెయ్యలేదే. మా ఆయన నన్ను కొడతాడని పక్కింటామె ముందు చెప్పడానికే భయం వేసింది. చెప్పినాక, ఆమె మొగుడూ కొడతాడని తెలిసింది."

తర్వాత, సారాకి పోయే డబ్బులో రోజుకో రూపాయి దాచుకుందామని పొదుపు లక్ష్మి గుంపులు మొదలయ్యాయి. నెలకి ముప్పై రూపాయలు. మా అత్త గుంపులో ఇప్పుడు నేను లీడర్ని. కిస్తీలు ఫోన్‌లోనే చూసుకుంటున్నాం, అది మంచిదే. కానీ మీటింగ్ అంటే సంతకం పెట్టి ఐదు నిమిషాల్లో వెళ్ళిపోవడం అయింది. మొన్న ఏడాది మా గుంపులో ఒకామె మైక్రోఫైనాన్స్ అప్పుల్లో మునిగిపోయి, మాలో ఎవరికీ చెప్పకుండా ఇల్లు తాళం వేసి పోయింది. పన్నెండేళ్ళు నా పక్కన కూర్చుని సంతకం పెట్టిన మనిషి. నేను ఆమెని ఒక్కసారి కూడా 'ఎట్టా ఉన్నావు' అని నిజంగా అడగలేదు.

అప్పటి నుంచి ఒక పద్ధతి పెట్టాను. సంతకానికి ముందు ప్రతి ఒక్కరూ ఆ నెలలో ఇంట్లో జరిగిన ఒక విషయం చెప్పాలి. చెప్పాలని లేకపోతే 'ఈ నెల వద్దు' అంటే చాలు, ఎవరూ గుచ్చి అడగరు. కావలి చెల్లి రాసింది చదివాక, ఆ రెండో మాట పెట్టడం మంచిదయిందనిపించింది.


నైట్‌డ్యూటీ · సోమవారం, సాయంత్రం 4:50

నేను నర్సుని. పేషెంటు చేరగానే 'అటెండర్ ఎవరు' అని అడుగుతాం. ఇదివరకు పల్లెటూరి నుంచి ఒక మనిషి వస్తే వెనక ఆటోలో ఆరుగురు దిగేవాళ్ళు, వాళ్ళని బయటికి పంపడమే పెద్ద పని. ఇప్పుడు పెద్దవాళ్ళు ఒక్కరే వస్తున్నారు, ఫోన్ తీసి అమెరికా నంబరు చూపిస్తున్నారు. 2023 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒంటరితనం మీద ప్రత్యేకంగా ఒక కమిషన్ వేసిందని చదివినప్పుడు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. బీపీ చూసే నెపంతో చెయ్యి పట్టుకుంటే వదలని పెద్దవాళ్ళు మా వార్డులో రోజూ ఉంటారు. రీడింగ్ అయిపోయినా ఇంకో నిమిషం అట్టే పట్టుకుని నిలబడతాను.


కోటమిట్ట · సోమవారం, సాయంత్రం 6:05

అడగడానికి సిగ్గు అంటున్నారు కదా. మన నెల్లూరులో అడగడానికే ఒక పండగ ఉంది.

మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగ. చిన్నప్పుడు మా అమ్మతో, పెద్దయ్యాక వాలంటీరుగా ఎన్నోసార్లు ఆ నీళ్ళలో నిలబడ్డాను. కోరిక తీరినవాళ్ళు రొట్టె తెచ్చి చెరువులో నిలబడి గట్టిగా పిలుస్తారు. ఉద్యోగం రొట్టె! పెళ్ళి రొట్టె! సంతానం రొట్టె! చదువు రొట్టె! ఆ కోరిక ఉన్నవాళ్ళు ఎదురుపోయి చెయ్యి చాస్తారు. తీరితే వచ్చే ఏడు వాళ్ళే రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇవ్వాలి. ఎవరు ఏ మతమో, ఏ ఊరో ఎవరూ అడగరు.

ఒకసారి ఒకామె ఒడ్డునే తచ్చాడుతోంది. ముప్పై ఐదేళ్ళుంటాయి. సంతానం రొట్టె కావాలి, కానీ ఆ మాట పైకి అనలేకపోతోంది. ఆమెకి కాస్త దూరంలో చంకలో బిడ్డతో, కొంగులో రొట్టెలతో ఇంకో ఆవిడ ఉంది. ఈమె ముఖం చూసింది, పిలవడం ఆపేసింది. నేరుగా నీళ్ళలోంచి ఒడ్డుకి నడిచి వచ్చి, ఒక్క మాట కూడా లేకుండా రొట్టె ఈమె చేతిలో పెట్టి, బిడ్డని కూడా ఒక నిమిషం చేతికిచ్చింది. ఇద్దరూ ఏడుస్తున్నారు. పేర్లు కూడా అడుక్కోలేదు. ఆ తర్వాత ఏమైందో నాకు తెలియదు.

కావలి అక్కా, ప్రశ్నలు వెయ్యని మనుషులు ఉంటారా అన్నారు. ఆ నీళ్ళలో వేలమంది ఉంటారు. కరువు మిగతా పదకొండు నెలల్లోనే.


పెన్నాగట్టు · మంగళవారం, ఉదయం 6:40

నిన్న సాయంత్రం కోటమిట్ట అబ్బాయి రాసింది చదివి గిన్నె తీసుకుని లేచాను. దీపాలు పెట్టే వేళ దాటిపోయింది, అయినా పోయాను.

ఎదురింటి బెల్లు కొట్టాను. చాలాసేపటికి ఒక పెద్దాయన తీశారు. డెబ్భై ఐదు పైనే ఉంటాయి. తోడుకి పెరుగు కావాలంటే, "నేను పెరుగు వేసుకోనమ్మా, రాత్రికి రెండు ఇడ్లీలు తెప్పించుకుంటాను" అన్నారు. సరేనండి అని తిరగబోతుంటే "అమ్మాయ్" అని పిలిచారు. లోపలికి పోయి మందుల కవరు తెచ్చారు. "ఈ మూడింటిలో తిండికి ముందు వేసుకునేది ఏదో చూసి చెప్తావా? అక్షరాలు ఆనడం లేదు." చీటీ చూసి, మార్కరు తెచ్చి, ఒక్కో షీటు వెనక పొద్దున, రాత్రి అని పెద్దగా రాసి ఇచ్చాను. ఆత్మకూరు ఆయనది. భార్య పోయి రెండేళ్ళు. ఆ ఫ్లాటులో మూడేళ్ళుగా ఉంటున్నారు. నేను పద్నాలుగు నెలలుగా ఆ తలుపు కింద వెలుతురు చూస్తున్నాను.

తర్వాత ఆయనే చెప్పులు వేసుకుని వచ్చి పక్క ఫ్లాటు బెల్లు కొట్టారు. "ఈ అమ్మాయికి తోడు కావాలంట" అని నా కోసం ఆయన అడిగారు. ఆవిడ స్పూను పెరుగు ఇచ్చి, పిల్లకి పరీక్షలని చెప్పి వెంటనే తలుపు వేసుకుంది. నేనేమీ అనుకోలేదు. మూడో తలుపు ఇంకా తట్టలేదు.

పెరుగు గడ్డగా తోడుకుంది.

ఒక మాట. కనుమ మర్నాడు పెన్నలో ఏటి పండుగ కదా. గొబ్బెమ్మలు ఏట్లో కలిపి ఇసకలో కూర్చుని తినడానికి ఈసారి మా ఇంట్లో ముగ్గురమే. ఇక్కడివాళ్ళు ఎవరైనా వస్తే రంగనాయకులపేట వైపు ఒడ్డున కలుద్దాం. సాయంత్రం నాలుగింటికల్లా అక్కడ ఉంటాను. పెద్దాయన వస్తానన్నారు.


కందుకూరు_కుర్రోడు · మంగళవారం, ఉదయం 7:05

పండక్కి ఊరికి వస్తున్నాను అక్కా. బండి మీద వచ్చేస్తాను. నాన్నని కూడా తీసుకురావచ్చా?


కావలి_కిటికీ · మంగళవారం, ఉదయం 7:22

నేను వస్తే, ఏమీ అడగకుండా పక్కన కూర్చోనిస్తారా?


పెన్నాగట్టు · మంగళవారం, ఉదయం 7:24

రామ్మా. ఒక ప్లేటు ఎక్కువ పెట్టుకుంటాను. కందుకూరు అబ్బయ్యా, నాన్నని తప్పకుండా తీసుకురా. పులిహోర, చక్కెర పొంగలి నేను చేస్తున్నాను. పెద్దాయనకి కారం తగ్గించి వేరే గిన్నెలో తెస్తాను.


పొదిలి_మాస్టారు · మంగళవారం, ఉదయం 7:50

బస్సు దొరికితే నేనూ వస్తాను. వేరుశనక్కాయలు మా చేలోవి, ఉప్పేసి ఉడకబెట్టి తెస్తాను. ఒంగోలు నుంచి ఆ తల్లి వస్తుందేమో ఎవరైనా కనుక్కోండి.


పల్లె_నుంచి · మంగళవారం, ఉదయం 8:15

వస్తున్నాను మాస్టారూ. పొద్దున రైలుకి బయల్దేరతాను. పెరుగన్నం ఎవరూ చెయ్యొద్దు, నేను తెస్తాను.